జేబులోని నోటును చదవడం ఎలా: బొమ్మ నుంచి గీత దాకా

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి డబ్బు చేతికందగానే రైతు చేసే మొదటి పని లెక్కపెట్టుకోవడం. మనందరం చేసేదీ అదే. రంగు చూస్తాం, అంకె చూస్తాం, జేబులో పెట్టేస్తాం. ఐదు వందల నోటు వెనక ఎర్రకోట ఉందని తెలిసినవారు కూడా ఇరవై నోటు వెనక ఏముందని అడిగితే తడుముకుంటారు.

నోటు మీది ప్రతి బొమ్మకూ రెండు కొలువులు ఉంటాయి. దేశం తన గురించి తాను ఏం చెప్పుకోవాలనుకుంటోందో చూపించడం ఒకటి. దొంగనోట్లు అచ్చువేసేవాడి చేతులు కట్టేయడం రెండోది. ఈ రెండో కొలువు గురించి తెలిస్తే తప్ప మొదటిది పూర్తిగా అర్థం కాదు. ఒక గీత అంత సన్నగా ఎందుకుంది, ఒక అంకె రంగు ఎందుకు మారుతోంది, గాంధీ బొమ్మ వేలికి ఎందుకు గరుకుగా తగులుతోంది అన్న ప్రశ్నలకు జవాబు అక్కడే ఉంది. అందుకే ఈ మార్గదర్శిలో కళనూ కాపలానూ విడదీయకుండా కలిపే చెబుతున్నాను.

అడుగు 1: సరంజామా

పెద్ద ఖర్చేమీ లేదు. మడతలు పడని వంద నోటు ఒకటి, వీలైతే ఐదు వందలది ఒకటి తీసుకోండి. చేతులు మారి మారి నలిగిన నోటుతో మొదలుపెట్టవద్దు. దాని మీది ఉబ్బెత్తు అచ్చు అరిగిపోయి వేలికి అందదు. కంసాలులు నగల పని చూసుకునే పది రెట్ల భూతద్దం దొరికితే మంచిది. లేకపోతే ఫోను కెమెరాను దగ్గరగా పెట్టి పెద్దది చేసి చూసినా సగం పని జరుగుతుంది. మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు ఒకటి, కిటికీ పక్కన పగటి వెలుగు. దుకాణాల్లో నోట్లు పరీక్షించే ఊదారంగు (యూవీ) దీపం అందుబాటులో ఉంటే అదనపు లాభం, లేకున్నా నష్టం లేదు.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. నోటును చూడండి, తడమండి, కొలవండి. కానీ పిల్లల ప్రాజెక్టు కోసమని స్కాన్ చేసి రంగుల్లో అచ్చు తీయవద్దు. నోటును పోలిన కాగితాన్ని తయారుచేయడమే నేరం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 182వ సెక్షన్ దీని గురించే. ప్రాజెక్టుకు పిల్లలు చేత్తో, కంటికి తేడా తెలిసేంత పెద్దగా బొమ్మ గీస్తే చాలు, నేర్చుకునేదీ ఎక్కువే.

అడుగు 2: వెనకవైపు నుంచి మొదలుపెట్టండి

అందరూ గాంధీ బొమ్మతో మొదలుపెడతారు. నేను మాత్రం నోటును తిప్పి మొదలుపెట్టమంటాను. డిజైనర్‌కు స్వేచ్ఛ ఎక్కువగా దొరికేది వెనకవైపే.

2016 నవంబర్ నుంచి వచ్చిన కొత్త వరసలో ఇప్పుడు చేతులు మారుతున్నవి ఆరు. చాక్లెట్ రంగు పది నోటు మీద కోణార్క సూర్యదేవాలయం. ఆకుపచ్చ కలిసిన పసుపు ఇరవై మీద ఎల్లోరా గుహలు. నీలి యాభై మీద హంపి రాతిరథం. లేత ఊదా వంద మీద గుజరాత్‌లోని పాటణ్‌లో ఉన్న రాణీ కీ వావ్ అనే మెట్లబావి. మెరిసే పసుపు రెండు వందల మీద సాంచి స్తూపం. బూడిద రంగు ఐదు వందల మీద జాతీయ జెండాతో ఎర్రకోట. మంగళయాన్ బొమ్మతో వచ్చిన రెండు వేల నోటును 2023 మే 19న ఉపసంహరిస్తున్నట్లు రిజర్వు బ్యాంకు ప్రకటించింది కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

ఈ ఆరింటినీ ఒక బల్ల మీద వరసగా పరిచి చూడండి. ఆరూ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్న కట్టడాలే. ఆరూ రాతితోనో ఇటుకతోనో కట్టినవి, లేదా కొండను తొలిచినవి. ఒక్క మనిషీ, ఒక్క జంతువూ, ఒక్క యంత్రమూ ప్రధాన బొమ్మగా లేదు. పాత వరసతో పోల్చినప్పుడు ఈ మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది, ఆ సంగతి తర్వాత.

ఇప్పుడు బొమ్మను ఊరికే గుర్తుపట్టి వదిలేయకుండా మనకు తెలిసిన కట్టడం పక్కన పెట్టి చూడండి. ఓరుగల్లు ప్రాంతంవాళ్లకు ఈ పని మిగతావారికంటే తేలిక. వంద నోటు మీది మెట్లబావిని 11వ శతాబ్దంలో రాణి ఉదయమతి తన భర్త, సోలంకీ రాజు మొదటి భీముడి జ్ఞాపకంగా కట్టించిందని చెబుతారు. అది భూమి లోపలికి దిగే కట్టడం. నేల మీద నుంచి చూస్తే గొయ్యి, దిగితే గుడి. వరంగల్ శివనగర్‌లో కాకతీయుల నాటి మెట్లబావి ఉంది. ఒకసారి వంద నోటు జేబులో పెట్టుకుని వెళ్లి మెట్ల దగ్గర నిలబడి రెండూ చూడండి. నోటు మీది బొమ్మలో స్తంభాల అంతస్తులు ఒకదాని మీద ఒకటి ఎందుకు లేచాయో, నీడ ఎందుకు లోపలికి చిక్కబడుతూ పోయిందో అక్కడ అర్థమవుతుంది. చెక్కేవాడికి లోతు చూపించాలి, చేతిలో ఉన్నవి గీతలు మాత్రమే. గీతలు దగ్గరైతే చీకటి, ఎడమైతే వెలుగు. నా లెక్కలో ఈ వరస మొత్తానికి అందమైన బొమ్మ ఈ వంద నోటుదే, కారణం ఈ లోతే.

రెండు వందల నోటుతో ఇదే పని ఖిల్లా వరంగల్‌లో చేయవచ్చు. స్వయంభూ శివాలయ శిథిలాల చుట్టూ నాలుగు దిక్కులా నిలిచిన కీర్తితోరణాలను చూసి సాంచి తోరణాలతో పోల్చని చరిత్రకారుడు లేడు. పోలిక దూరం నుంచే. దగ్గరికి వెళ్లిన కొద్దీ తేడాలు బయటపడతాయి. ఆ తేడాలు వెతకడమే అభ్యాసం.

పది నోటు మీది కోణార్కను 13వ శతాబ్దంలో తూర్పు గాంగరాజు మొదటి నరసింహదేవుడు కట్టించాడు. ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్న రోజులవి. రేచర్ల రుద్రుడి రామప్ప గుడి 1213 నాటిది, అంటే కోణార్కకంటే ముందుది. రామప్ప 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది కాబట్టి నోటెక్కే అర్హత దానికీ వచ్చినట్లేనని మన దగ్గర సరదాగా అనుకోవచ్చు. కానీ అది ఊరి కోరికతో జరిగేది కాదు. రిజర్వు బ్యాంకు చట్టం, 1934లోని 25వ సెక్షన్ ప్రకారం నోటు డిజైనును, రూపాన్ని, కాగితాన్ని ఆ బ్యాంకు కేంద్ర బోర్డు సిఫారసు చేయాలి, కేంద్ర ప్రభుత్వం ఆమోదించాలి.

హంపి రథం గురించి ఒక్క మాట: అది రథం ఆకారంలో కట్టిన గరుత్మంతుడి గుడి, విఠలాలయం ప్రాంగణంలో ఉంది. ఎల్లోరా, ఎర్రకోటల గురించి పాఠ్యపుస్తకాల్లో చదివినదే చాలు.

బొమ్మ పక్కన ఇంకో నాలుగు వస్తువులు ఉంటాయి. ఎడమవైపు అచ్చయిన సంవత్సరం. స్వచ్ఛభారత్ కళ్లజోడు. దేవనాగరి అంకె. ఆపైన భాషల పట్టీ. ఆ పట్టీలో 15 భాషలు ఇంగ్లిషు అక్షరక్రమంలో అస్సామీతో మొదలై ఉర్దూతో ముగుస్తాయి. మన తెలుగు ఉర్దూకు సరిగ్గా పైన, కింది నుంచి రెండో వరసలో ఉంటుంది. నోటు మీద పెద్దగా కనిపించే హిందీ, ఇంగ్లిషులను కలిపితే మొత్తం 17 భాషలు. భూతద్దం పెట్టి తెలుగు వరసను ఒకసారి చదవండి. అక్షరం గుండ్రతనం అంత చిన్న కొలతలో ఎంతవరకు నిలిచిందో చూడటం వేరే ఆనందం.

అడుగు 3: ముందువైపు, ఎడమ నుంచి కుడికి

నోటు మధ్యలో గాంధీ. 1996 వరసలో ఆయన కుడివైపు ఉండేవారు, 2016 వరసలో మధ్యకు వచ్చారు. ఈ ముఖం చిత్రకారుడి ఊహ కాదు. 1946లో బ్రిటిష్ మంత్రి లార్డ్ పెథిక్ లారెన్స్ పక్కన నిలబడి నవ్వుతుండగా తీసిన ఫొటో నుంచి తీసుకున్నది. నోటు కోసం దాన్ని అద్దంలో చూసినట్లు కుడిఎడమలు తిప్పారు. రాజకీయ సంప్రదింపులు నడుస్తున్న రోజుల్లో పట్టుబడిన ఒక నవ్వు ఇన్నేళ్లుగా మన జేబుల్లో తిరుగుతోంది.

స్వాతంత్ర్యం వచ్చిన వెంటనే గాంధీ నోటెక్కలేదు. 1949లో వచ్చిన రూపాయి నోటు మీద రాజుగారి తలకు బదులు సారనాథ్ సింహాలు వచ్చాయి. గాంధీ మొదట కనిపించింది 1969లో, శతజయంతి నోట్ల మీద, సేవాగ్రామ్ ఆశ్రమం ముందు కూర్చున్న భంగిమలో. 1987లో ఐదు వందల నోటు మీద ఆయన ముఖచిత్రం వచ్చింది. 1996 నుంచి అన్ని రిజర్వు బ్యాంకు నోట్లకూ ఆయనే.

నోటు మీద ఎవరి బొమ్మ ఉండాలన్న చర్చ మన జిల్లాల్లో కొత్తది కాదు. 2024 మేడారం జాతర తర్వాత హనుమకొండలో హుండీలు లెక్కిస్తున్నప్పుడు అంబేడ్కర్ బొమ్మతో అచ్చువేసిన కాగితాలు బయటపడినట్లు పత్రికల్లో వచ్చింది. దేవతలకు మొక్కు రూపంలో వచ్చిన విజ్ఞప్తి అది. ఆ కోరికలో న్యాయం ఎంత ఉన్నా, నోటును పోలిన కాగితం అచ్చువేస్తే చట్టం ఊరుకోదన్నది మొదటి అడుగులోనే చెప్పుకున్నాం.

గాంధీకి కుడివైపు హామీ వాక్యం, గవర్నర్ సంతకం, రిజర్వు బ్యాంకు ముద్ర. ఆ చివరన అశోక స్తంభం. రూపాయి నోటు చేతికి దొరికితే ఇక్కడ ఆగి చూడండి. దాని మీద గవర్నర్ సంతకం ఉండదు, ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. అది రిజర్వు బ్యాంకు విడుదల చేసేది కాదు, భారత ప్రభుత్వానిది.

అడుగు 4: కళ్లు మూసుకుని తడమండి

ఇక్కడ చాలామంది తొందరపడతారు. తీరిగ్గా చేయండి.

వంద, ఆపైన నోట్లలో గాంధీ బొమ్మ, అశోక స్తంభం, అంచుల్లోని ఏటవాలు గీతలు, గుర్తింపు ముద్ర ఉబ్బెత్తుగా ఉంటాయి. లోహపు పలక మీద గీతలను లోతుగా చెక్కి, ఆ గాడుల్లో సిరా నింపి, కాగితాన్ని విపరీతమైన ఒత్తిడితో దాని మీద అదుముతారు. గాడిలోని సిరా కాగితం మీదికి గుట్టలా లేచి వస్తుంది. మామూలు ప్రింటరు సిరాను కాగితం మీద పరుస్తుందే తప్ప ఇలా నిలబెట్టలేదు. బొటనవేలి గోరును గాంధీ భుజం మీదుగా మెల్లగా అడ్డంగా లాగండి. కొత్త నోటైతే గోరు సన్నగా గీరుకుంటూ వెళ్తుంది.

తర్వాత అంచులు. వంద నోటుకు నాలుగు ఏటవాలు గీతలు. రెండు వందలకు నాలుగు గీతలు, వాటి మధ్య రెండు చిన్న వృత్తాలు. ఐదు వందలకు ఐదు గీతలు. గుర్తింపు ముద్ర వందకు త్రికోణం, ఐదు వందలకు వృత్తం, రెండు వందలకు ఇంగ్లిషు హెచ్ ఆకారం. ఇవన్నీ చూపు లేనివారి కోసం పెట్టినవి.

ఇక్కడ నాకో ఫిర్యాదు ఉంది. స్కేలు తీసి కొలవండి. యాభై నోటు పొడవు 135 మిల్లీమీటర్లు, వంద 142, రెండు వందలు 146, ఐదు వందలు 150. వెడల్పు నాలుగింటికీ ఒకటే, 66. పది, ఇరవై నోట్ల వెడల్పు 63, పొడవులు 123, 129. అంటే రెండు వందలకూ ఐదు వందలకూ మధ్య తేడా 4 మిల్లీమీటర్లు. రెండూ పక్కపక్కన ఉంటే తప్ప అది చేతికి తెలిసే తేడా కాదు. నోటు నలిగాక ఉబ్బెత్తు గీతలూ అరిగిపోతాయి. పది, ఇరవై, యాభైలకు ఆ గుర్తులే లేవు. చూపు లేనివారి కోసం రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో మణి అనే ఫోను యాప్ తెచ్చింది. కెమెరా ముందు నోటు పెడితే విలువను చెబుతుంది. మంచి పనే, కానీ ఫోను చేతిలో లేనివాడి వేలికి నోటే చెప్పగలిగితే ఇంకా మంచిది.

అడుగు 5: భూతద్దం కింద

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన అడుగు.

నోటు నేపథ్యంలో, అంకెల చుట్టూ, అల్లుకుపోయిన సన్నని వంపు గీతల వలలు కనిపిస్తాయి. అచ్చు పరిశ్రమలో వీటిని గిల్లోష్ అంటారు. కరీంనగర్ వెండి తీగ పనిలో సన్నటి తీగ చుట్టలు చుట్టుకుంటూ ఎక్కడా తెగకుండా పోయినట్లే ఇక్కడ గీత నడుస్తుంది. భూతద్దం పెట్టి ఏదైనా ఒక గీతను పట్టుకుని దాని వెంటే వెళ్లండి. అసలు నోటులో గీత అంచులు పదునుగా, తెగకుండా ఉంటాయి. ఒకే గీత ఒక రంగులో మొదలై మెల్లగా ఇంకో రంగులోకి జారుతుంది, మధ్యలో అతుకు కనిపించదు. రెండు సిరాలను యంత్రంలోనే పక్కపక్కన పోసి, అవి కలిసేచోట అచ్చువేయడం వల్ల వచ్చే గుణం ఇది.

రంగుల జిరాక్సులో అదే చోటును చూస్తే గీత ఉండదు. నాలుగు రంగుల చుక్కల గుంపు ఉంటుంది. దూరం నుంచి గీతలా కనిపించేది దగ్గరికి వస్తే విడిపోతుంది. కంటికి రెండూ ఒకేలా ఉన్నా భూతద్దానికి కావు. దుకాణంలో అనుమానం వచ్చిన నోటును ఇలా చూడటానికి అర నిమిషం చాలు.

తర్వాత సూక్ష్మాక్షరాలు. వంద నోటు ముందువైపు గీతల్లా కనిపించేవాటిలో కొన్ని నిజానికి అక్షరాలు. దేవనాగరిలో ‘భారత్’, ఇంగ్లిషులో ‘ఇండియా’, ‘ఆర్‌బీఐ’, వాటితోపాటు నోటు విలువ. ఇవి ఎక్కడున్నాయో నేను చెప్పేస్తే వెతుకులాట పోతుంది. గాంధీ బొమ్మ పరిసరాల నుంచి మొదలుపెట్టండి.

అడుగు 6: వెలుతురుకు ఎత్తి, ఆపై వంచి

కిటికీకి ఎదురుగా నోటును ఎత్తి పట్టుకోండి. కుడివైపు ఖాళీగా కనిపించే చోట గాంధీ ముఖం, పక్కన అంకె వెలుస్తాయి. ఇది నీటిగుర్తు. అచ్చువేసింది కాదు, కాగితం తయారయ్యేటప్పుడే గుజ్జు మందాన్ని హెచ్చుతగ్గులు చేసి తెచ్చినది. మందంగా ఉన్నచోట నీడ, పలచగా ఉన్నచోట వెలుగు. అందుకే ముఖంలో నీడలు మెత్తగా ఒకదానిలోకి ఒకటి కరుగుతాయి. దొంగనోట్లలో ఈ చోట లేత సిరాతోనో మైనంతోనో గీస్తారు, దాని అంచులు గట్టిగా ఉంటాయి. కాగితం కూడా చెట్ల గుజ్జుది కాదు, పత్తి నారది. అంటే మన వరంగల్ రైతుకు బాగా తెలిసిన సరుకే.

అదే భంగిమలో ఎడమవైపు చూడండి. ముందొక ముక్క, వెనకొక ముక్కగా అచ్చయిన అంకె వెలుతురులో కలిసి పూర్తవుతుంది. రెండు వైపుల అచ్చూ వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరితేనే ఇది సాధ్యం.

ఇప్పుడు నోటును కిందికి దించి ముందుకూ వెనక్కూ వంచండి. వంద, రెండు వందలు, ఐదు వందల నోట్లలో నిలువుగా పొదిగిన భద్రతా దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది. రెండు వందలు, ఐదు వందల నోట్ల కుడివైపు అడుగున ఉన్న అంకె కూడా అలాగే మారుతుంది. వంద నోటు అంకెకు ఈ గుణం లేదు, లేదని కంగారుపడవద్దు. నోటును కంటి ఎత్తులో దాదాపు 45 డిగ్రీలు వంచి పట్టుకుంటే దాగి ఉన్న అంకె ఒకటి బయటికి వస్తుంది.

దారం గాంధీకి దగ్గరగా ఉంటే దొంగనోటు, సంతకానికి దగ్గరగా ఉంటే అసలుది అని వాట్సాప్‌లో తిరిగే సందేశాన్ని నమ్మకండి. దారం చోటులో కొద్దిపాటి తేడాలు మామూలే, రెండు రకాలూ చెల్లుతాయని ప్రభుత్వ వర్గాలు స్పష్టంచేశాయి.

ఊదారంగు దీపం ఉన్నవారు గది చీకటి చేసి చూడండి. నోటు సంఖ్యలు, కాగితంలో అక్కడక్కడ చల్లినట్లున్న సన్నని పోగులు మెరుస్తాయి. కాగితం మాత్రం మెరవదు. మొత్తం కాగితమే తెల్లగా వెలిగిందంటే అది బజారులో దొరికే కాగితం.

అడుగు 7: సంఖ్యలు

మొదటి మూడు అక్షరాలూ అంకెలూ ఒకే పరిమాణంలో ఉంటాయి. ఆ తర్వాతి అంకెలు ఎడమ నుంచి కుడికి క్రమంగా పెద్దవవుతాయి. ఇది 2015లో మొదలైంది. సంఖ్య మధ్యలో నక్షత్రం గుర్తు ఉంటే భయపడవద్దు. అచ్చులో చెడిపోయిన నోటుకు బదులుగా కట్టలో చేర్చినది అది. వాటి మీద పుకార్లు ఎక్కువైతే 2023 జూలైలో రిజర్వు బ్యాంకు స్వయంగా వివరణ ఇచ్చింది. వెనక సంవత్సరం లేని పాత నోటు దొరికితే అది 2005కు ముందుది.

అడుగు 8: పాత వరస పక్కన పెట్టి చూడండి

1996 వరస నోట్లు కొన్ని ఇంకా చేతులు మారుతున్నాయి. ఐదు నోటు మీద ట్రాక్టరుతో దున్నుతున్న రైతు. పది మీద పులి, ఏనుగు, ఖడ్గమృగం. ఇరవై మీద అండమాన్ కొబ్బరిచెట్ల తీరం. యాభై మీద పార్లమెంటు. వంద మీద కాంచనగంగ కొండలు. ఐదు వందల మీద దండియాత్ర. ఇంకా వెనక్కి వెళ్తే రెండు రూపాయల మీద ఆర్యభట్ట ఉపగ్రహం, పాత ఇరవై మీద కోణార్క చక్రం. 1954 నాటి వెయ్యి నోటు మీద తంజావూరు బృహదీశ్వరాలయం ఉండేది. దాన్ని 1978 జనవరిలో రద్దుచేశారు.

వరసగా పెట్టి చూస్తే దేశం తన గురించి చెప్పుకునే కథ ఎలా మారిందో అర్థమవుతుంది. సాగు, ఉపగ్రహం, అడవి, సముద్రం ఉన్నచోట ఇప్పుడంతా వారసత్వ కట్టడాలే. చెక్కుడు పనికి కట్టడాలు బాగా ఒదుగుతాయి, అది ఒప్పుకోవాలి. స్తంభాలూ మెట్లూ గీతలకోసమే పుట్టినట్లుంటాయి. అయినా ట్రాక్టరు మీద కూర్చున్న ఆ రైతు పోయిన చోటు నాకు వెలితిగానే కనిపిస్తుంది. మన జిల్లాల్లో నోటును ఎక్కువగా లెక్కపెట్టేది ఆయనే కదా.

అడుగు 9: చిరిగినవి, మరకలు పడినవి

మేడారం వెళ్లొచ్చిన నోట్లకు పసుపూ బెల్లమూ అంటుకోవడం మామూలే. మరక పడినంత మాత్రాన నోటు చెల్లకుండా పోదు, బ్యాంకులో మార్చుకోవచ్చు. చిరిగిన నోటుకు లెక్క ఇలా ఉంటుంది. ఇరవై వరకు విలువున్న నోట్లలో సగంకంటే ఎక్కువ ముక్క మిగిలితే పూర్తి విలువ ఇస్తారు. యాభై, ఆపైన నోట్లలో మిగిలిన ఒకే పెద్ద ముక్క 80 శాతంకంటే ఎక్కువుంటే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం మధ్య ఉంటే సగం. రాతలున్న నోటూ చెల్లుతుంది కానీ, రాజకీయ నినాదాలో మత సందేశాలో రాసి ఉంటే మార్పిడి హక్కు పోతుంది.

అడుగు 10: అటక మీది పెట్టె

ఓరుగల్లు, కరీంనగర్, ఆదిలాబాద్ పాత ఇళ్లలో పెట్టెలు తీస్తే ఒక్కోసారి నిజాం కాలపు నోటు దొరుకుతుంది. 1918లో హైదరాబాద్ సంస్థానం సొంత కాగితపు నోట్లు మొదలుపెట్టింది. ముందు పది, వంద, మరుసటి ఏడాది ఒకటి, ఐదు, 1926లో వెయ్యి. మన పెద్దలు ఆ రూపాయిని హాలీ అనీ, బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనీ పిలిచేవారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు మారకం. 1950ల చివరి దాకా రెండూ పక్కపక్కన నడిచాయి.

ఆ నోటు దొరికితే మొదట భాషలు చూడండి. ఉర్దూ, ఇంగ్లిషులతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ ఉంటాయి. పాలకుడి భాష ఉర్దూ అయినా నోటు తీసుకునేవాడు ఓరుగల్లు బేరగాడో, ఔరంగాబాద్ రైతో, రాయచూరు కోమటో కాబట్టి వాళ్లు చదవగలిగేలా వేయక తప్పలేదు. తర్వాత సంతకం చూడండి. సంస్థానం ఆర్థిక మంత్రులు ఇక్కడ సంతకం చేసేవారు. అక్బర్ హైదరీ సంతకమున్న నోట్లు ఉన్నాయి. తర్వాతి కాలంలో పాకిస్థాన్ గవర్నర్ జనరల్ అయిన గులాం మహమ్మద్ సంతకమున్నవీ ఉన్నాయి.

పాత నోటును లామినేషన్ చేయించవద్దు, టేపు అంటించవద్దు, ఇస్త్రీ చేయవద్దు. మడతను విప్పి, శుభ్రమైన కాగితాల మధ్య బరువు పెట్టి కొన్నాళ్లు ఉంచండి. ఆపై నోట్ల కోసం అమ్మే పారదర్శకమైన పాలియెస్టర్ తొడుగులో పెట్టండి. మామూలు మెత్తటి ప్లాస్టిక్ కవర్లు కొన్నేళ్లకు జిగురుగా మారి సిరాను పాడుచేస్తాయి.

ట్రాక్టరు బొమ్మ ఐదు నోటుకో, 786 ఉన్న నోటుకో లక్షలిస్తామని ఫోనులో ప్రకటనలు వస్తాయి. ముందుగా కమీషనో పన్నో కట్టమంటారు, ఒక్కోసారి రిజర్వు బ్యాంకు పేరే వాడతారు. అలాంటి లావాదేవీలతో తమకు సంబంధం లేదని ఆ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. అమ్మదలచుకుంటే నాణేల సేకర్తలు నడిపే ప్రదర్శనలకు నోటు పట్టుకెళ్లి ఇద్దరు ముగ్గురికి చూపించి ధర అడగండి. కొనేవాడెవడూ ముందు మీ దగ్గర డబ్బు తీసుకోడు.